ఎర్రబడని కాగితం

శవం మంచం మీద లేదు. గచ్చు మీద ఉంది.

పోయినవాణ్ణి మంచం మీద ఉంచకూడదని అతని అన్న ఓబుళప్పే కిందికి దించి, తల దక్షిణానికి పెట్టి పడుకోబెట్టాడు. దించేటప్పుడు సెలైన్ బాటిల్ నుంచి గొట్టం కొస లాగేశాడు. చేతికి సూది మాత్రం అలాగే ఉంది. గొట్టం చుట్ట చుట్టి గుండెల మీద పెట్టి ఉంది. దాన్ని పీకబోయిన ఆయాను కసిరి తరిమేశాడు. ఈ ఆసుపత్రివాళ్ళెవరూ ఇక తన తమ్ముణ్ణి తాకకూడదన్నాడు.

పెనుకొండ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ గంగాధర్ గుమ్మంలోనే ఆగి ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకున్నాడు. ఫినాయిల్ వాసన, వాంతి వాసన, వాటి మీద అగరొత్తుల వాసన. విడివిడిగా అయితే ఏదైనా భరించవచ్చు. మూడూ కలిస్తే కష్టం.

1999 జూలై. పెనుకొండ బస్టాండు వెనక రెండంతస్తుల నర్సింగ్ హోం. డాక్టర్ అనిల్ కుమార్‌ది. కింద మెడికల్ షాపు, పైన ఆరు మంచాల వార్డు. చనిపోయినవాడి పేరు రామాంజి. బుక్కపట్నం దగ్గర పల్లె. గొర్రెల కాపరి. పాతికేళ్ళు దాటి ఉండవు.

"ఏమప్పా, ఎప్పుడొచ్చినారు ఇక్కడికి?" గంగాధర్ ఓబుళప్పను అడిగాడు.

"పొద్దున బస్సుకు సార్. రాత్రి నుంచీ ఒకటే వాంతులు, భేదులు."

"మోసుకొచ్చినారా?"

"లేదు సార్. నడిచే వచ్చినాడు. మెట్లు ఎక్కినాడు. గ్లూకోజు ఎక్కించుకోని సాయంత్రానికి గొర్ల కాడికి పోవల్ల అని నవ్వినాడు కూడా."

"తర్వాత?"

"బాటిలు పెట్టినారు. రవ్వంత సేపే. చలి అన్నాడు. మంచం కదిలిపోయేట్ల వణికినాడు. పండ్లు టకటక కొట్టుకుండె."

"మంట అన్నాడా? చెయ్యి మండుతోందన్నాడా?"

"లేదు సార్. చలి అన్నాడు. అంతే."

"అప్పుడు ఎవరెవరు ఉన్నారు?"

"డాక్టరు వచ్చె. నర్సమ్మను మందు తెమ్మని కిందికి పంపిచ్చె. నన్ను ఎస్టీడీ బూతు కాడికి పోయి ఊరికి ఫోన్ చేయమనె. నేను వచ్చేతలికి అయిపోయినాడు."

స్టాండుకు బాటిల్ వేలాడుతోంది. సగం ఉంది. డి.ఎన్.ఎస్. అని లేబుల్. అంటే ఉప్పు, గ్లూకోజు కలిసిన సెలైన్. ఈ చుట్టుపక్కల పల్లెల్లో సీసాలో ఏముందన్నది ఎవరికీ పట్టదు. ఏదైనా గ్లూకోజే.

ఆ బాటిల్ పక్కన ఒక మనిషి చేతిలో చిన్న కాగితం ముక్క పట్టుకుని కాపలా ఉన్నట్టు నిలబడ్డాడు. పేరు గంగన్న. పెనుకొండ హైస్కూల్లో సైన్స్ టీచరు. రామాంజికి మేనత్త కొడుకు.

"నేను వచ్చి చూసి, వెంటనే స్కూలుకు పోయి లిట్మస్ పేపర్లు తెచ్చినా సార్. బాటిల్లోది అరచేతిలో పోసుకుని నీలి పేపరు పెట్టినా. ఇదో, ఎర్రగా అయింది. అంటే ఏంది? యాసిడ్."

ఆ ఒక్క మాట గంగాధర్ రాకముందే మెట్లు దిగి బజారున పడింది. అదే గంగన్న క్లాసులో బోర్డు మీద 'ఆమ్లం' అని రాస్తాడు. చింతపండు ఆమ్లం, మజ్జిగ ఆమ్లం, నిమ్మకాయ ఆమ్లం అని పిల్లల చేత వల్లె వేయిస్తాడు. బాటిల్లో ఆమ్లం ఉందని అరిచి ఉంటే బస్టాండులో ఒక్కడూ తల తిప్పేవాడు కాదు. యాసిడ్ అన్నాడు. యాసిడ్ అంటే ఇక్కడివాళ్ళకు ఒకటే తెలుసు. ధర్మవరంలో పట్టుకు రంగులేసే షెడ్లలో తెల్ల క్యాన్లలో ఉండేది. ఒంటి మీద పడితే తోలు ఊడేది.

నర్సు ఎస్తేరమ్మది ధర్మవరం. రోజూ పాసింజర్ రైల్లో వచ్చి పోతుంది. ఆమె భర్త పట్టుకు రంగులేస్తాడు.

అంతే. ఇక రుజువులు ఎవరికి కావాలి? గంగాధర్ వచ్చేసరికే ఎస్తేరమ్మ చెంప వాచి ఉంది. కింద రెండు వందల మంది. అందరి నోటా ఆమె పేరే.

"ఆమె భర్త పని గురించి జనానికి ఎవరు చెప్పారు?" గంగాధర్ అడిగాడు.

"నేనే చెప్పినా సార్." మెడికల్ షాపు దుర్గాప్రసాద్ ముందుకొచ్చాడు. డాక్టరు బామ్మర్ది. ఇస్త్రీ మడత నలగని చొక్కా. "పొద్దున రామాంజికీ ఆయమ్మకూ మాటా మాటా వచ్చింది. ఎంతసేపు కూర్చోబెడతావని గట్టిగా అడిగినాడు. ఆయమ్మ మొహం మాడ్చుకుంది. నేను కళ్ళారా చూసినా."

"అందుకని ఇంటి నుంచి యాసిడ్ తెచ్చి పోసిందా? మాటా మాటా వస్తుందని ముందే తెలిసి, రైల్లో తెచ్చుకుందా?"

దుర్గాప్రసాద్ ఒక అడుగు వెనక్కి వేశాడు.

డాక్టర్ అనిల్ కుమార్ కుర్చీలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. "నేను ఎవరినీ అనడం లేదు ఇన్‌స్పెక్టర్ గారూ. కేసు షీటులో యాసిడోసిస్ అని రాశాను. విరేచనాల వల్ల రక్తంలో ఆమ్లం పెరిగిపోతుంది. దాంతోనే పోయి ఉండొచ్చు. బయటివాళ్ళ గొడవ నాకు తెలియదు."

అటు నర్సు చేసినా సరే, ఇటు రోగమే చేసినా సరే. రెండిట్లో ఏదైనా తనకు అభ్యంతరం లేదన్నట్టుంది ఆ గొంతు. ఆ నిమ్మళం చూస్తే గంగాధర్‌కు ఒళ్ళు మండింది.

"బాటిల్ నీకు ఎవరిచ్చారమ్మా?" ఎస్తేరమ్మను అడిగాడు.

"షాపులో నుంచే సార్. చీటీ రాసిస్తే పైకి పంపిస్తారు."

"సీలు?"

"నేనే తీసినా."

"నీ చేతిలోకి వచ్చాక వేరేవాళ్ళు ముట్టుకున్నారా?"

"లేదు సార్. నేనే పెట్టినా. ఇంగెవురూ ముట్టలేదు." తల ఎత్తింది. "సార్, మా ఇంటికాడ పిల్లలుండారు. ఆడికి గూడా జనం పోయినారంట. నన్ను పట్టుకోండి, ఇంటిని మాత్రం కాపాడండి."

శవాన్ని పోస్ట్‌మార్టానికి హిందూపురం గవర్నమెంటు ఆసుపత్రికి పంపించారు. బాటిల్‌ను సీల్ చేశారు. ఎస్తేరమ్మను స్టేషన్‌కు తీసుకెళ్ళారు, జనం చేతుల్లో పడకుండా ఉండేందుకు. జనం అదే అరెస్టు అనుకుని చప్పట్లు కొట్టారు.

డీఎస్పీ ఫోన్ చేశాడు.

"గంగాధర్, రేపు సాయంత్రానికి రిమాండ్ రిపోర్టు పెట్టెయ్. మూడు వందల రెండు."

"సార్, ఆమె చేసిందనడానికి..."

"బాటిల్లో యాసిడ్ ఉంది. ఆమె ఇంట్లో యాసిడ్ ఉంది. ఇంకేం కావాలయ్యా? రోడ్డు మీద బస్సులు ఆగిపోయినాయి."

రేపు సాయంత్రం. ఆ సంతకం పెడితే ఎస్తేరమ్మ బతుకు అక్కడితో సరి. ఏళ్ళ తర్వాత కోర్టు వదిలేసినా, యాసిడ్ నర్సు అన్న పేరు ఆమెను వదలదు.

*

ధర్మవరంలో ఎస్తేరమ్మ ఇంటి ముందున్న రంగుల షెడ్డుకు దారి అడగాల్సిన పని లేకపోయింది. జనం విరగ్గొట్టిన తలుపు దూరం నుంచే కనిపించింది.

లోపల రాగి గంగాళాలు బోర్లా పడి ఉన్నాయి. ఎవరి పెళ్ళి చీర కోసమో ఎరుపు ఎక్కించిన పట్టు నూలు మురిక్కాలవలో నానుతోంది. పచ్చి పట్టు ఉడికించిన నీళ్ళ కంపు ఒకటి. ఎస్తేరమ్మ భర్త గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మోచేతుల దాకా రంగు. ఎన్ని స్నానాలు చేసినా పోని రంగు.

"యాసిడ్ యాడ పెడతావప్పా?"

"ఆ మూల ఉండాది సార్. దాచి పెట్టేదేం లేదు. యాసిడ్ లేకుంటే పట్టుకు రంగు పట్టుకోదు. ఈ వీధిలో ప్రతి షెడ్డులోనూ ఉండాది."

కానిస్టేబుల్ క్యాను ఎత్తుకుని వచ్చాడు. లాటరీ తగిలినట్టు మొహం. "దొరికింది సార్."

గంగాధర్ మూత తిప్పాడు. ఘాటు ముక్కుపుటాలను కోసేసింది. కళ్ళ నీళ్ళు కారాయి. తల పక్కకు తిప్పుకున్నాడు.

ఇది నరంలోకి పోతే మనిషి చలి అంటాడా? మంట అని వీధి చివరిదాకా వినబడేలా అరవడూ? చెయ్యి నల్లగా కమిలిపోదూ? రామాంజి చెయ్యి శుభ్రంగా ఉంది. తను చూశాడు.

"సార్, ఆమె ఇంటికి వస్తాదా?" భర్త అడిగాడు.

గంగాధర్ క్యాను మూత బిగించి కానిస్టేబుల్‌కు ఇచ్చాడు. షెడ్డు ముందు ఇద్దరు కానిస్టేబుళ్ళను కాపలా పెట్టి జీపెక్కాడు.

*

మర్నాడు పొద్దున హిందూపురం. పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ ఈశ్వరి చేతులు కడుక్కుంటూనే మొదలుపెట్టింది. చాకిరీ చేసి చేసి మర్యాదలు మరిచిపోయిన మనిషి.

"యాసిడ్ అన్న మహానుభావుడెవరండీ?"

"సైన్స్ టీచరు."

"నరం లోపల ఒక్క మచ్చ కూడా లేదు. రండి." ఆమె వార్డులోంచి సీలు తియ్యని డి.ఎన్.ఎస్. బాటిల్ తెప్పించింది. మూత్రం పరీక్షలకు వాడే పేపరు ముక్క మీద ఒక చుక్క వేసింది. డబ్బా మీది రంగుల పట్టీ పక్కన పెట్టి చూపించింది. ఆమ్లం వైపు రంగు.

గంగాధర్ కళ్ళు చిట్లించాడు.

"ఇంకో కంపెనీది చూస్తారా?" ఇంకో బాటిల్. అదే రంగు. "మీ హంతకురాలు మా వార్డులో కూడా డ్యూటీ చేస్తోందేమో మరి."

"అంటే అన్ని బాటిళ్ళూ..."

"అన్నీ ఇంతే. గ్లూకోజును మరిగే వేడిలో శుద్ధి చేస్తారు. ఆ వేడికి గ్లూకోజు రవ్వంత విరిగి పులుస్తుంది. కాగితం ఎర్రబడుతుంది, కానీ సరుకు లేని పులుపు. ఒక నిమ్మకాయలో ఉండేదాంట్లో వందో వంతు కూడా ఉండదు. రక్తంలో క్షారం ఎప్పుడూ కాచుకుని ఉంటుంది, వచ్చినదాన్ని వచ్చినట్టే సరిచేస్తుంది. మిగిలింది ఊపిరితో కొంత, మూత్రంతో కొంత బయటికి పోతుంది. ఏ బాటిల్ పెట్టినా రోజూ జరిగేది అదే."

"మరి ఆ డాక్టరు యాసిడోసిస్ అంటున్నాడు."

"అది వేరే. విరేచనాల్లో పేగుల్లోని క్షారం కొట్టుకుపోతుంది. రక్తం ఆమ్లం వైపు ఒరుగుతుంది. నిజమే. అలాంటివాడు మొదటి నుంచీ బుసబుసా రొప్పుతాడు. బొగ్గుపులుసు గాలిని ఊది పారేసి రక్తాన్ని సరిచేసుకోవాలని ఒళ్ళు పడే పాట్లు అవి. మెట్లెక్కి నవ్వాడన్నారే మీ వాడు? ప్రాణం తీసేంత యాసిడోసిస్ ఉన్నవాడు నవ్వడు. బాటిల్ పెట్టాక వణుకు మొదలైంది కదా?"

"పెట్టిన కాసేపటికే."

"అయితే రక్తంలోకి మురికి పోయింది. క్రిములు చూసే కల్చర్ రిపోర్టుకు టైం పడుతుంది గానీ, నన్ను అడిగితే అదే."

గంగాధర్ సీల్ చేసిన బాటిల్ వైపు చూశాడు. గంగన్న దాంట్లోది అరచేతిలో పోసుకున్నాడు, వేళ్ళు పెట్టాడు. రేపు మురికి దొరికినా, టీచరు చేతి మురికి అంటాడు లాయరు. ఎవరూ ముట్టని నమూనా కావాలి.

బల్ల మీద స్టీలు ట్రేలో రామాంజి చేతి నుంచి తీసిన గొట్టం ఉంది. ధార ఆపే క్లిప్పు బిగించే ఉంది. అక్కడి ఆయా దాన్ని చెత్త బకెట్లోకి ఎత్తబోతోంది.

"ఆగమ్మా. డాక్టర్ గారూ, ఆ గొట్టంలో ఉన్నది కూడా చూడండి."

"బాటిల్లోదే కదా దీంట్లో ఉండేది?"

"చూడండి."

క్లిప్పుకు కింద, నెత్తురు అంటని చోట కోసి ఒక చుక్క తీసింది. పేపరు మీద వేసింది.

రంగు అటు తిరగలేదు. ఇటు తిరిగింది. నీలంలో కలిసిన పచ్చ.

ఈశ్వరి ఇంకో పేపరు తీసింది. మళ్ళీ అదే. మాట్లాడకుండా మిగిలిన నాలుగు చుక్కలూ పరీక్ష నాళికలో వేసి, చక్కెర చూసే మందు కలిపి దీపం మీద పెట్టింది. నీలి మందు నీలంగానే ఉంది. ఇటుక రంగు రాలేదు.

"చక్కెర లేదు," అంది. "గ్లూకోజు బాటిల్‌కు తగిలించిన గొట్టంలో గ్లూకోజు లేదు. క్షారం ఉంది. ఇదేంటి?"

"సీల్ చేసిన బాటిల్‌కు కూడా ఇదే పరీక్ష చేయండి."

బాటిల్లో చక్కెర ఉంది. బాటిల్ ఆమ్లమే.

గంగాధర్ పెనుకొండకు ఫోన్ చేసి ఎస్సైకి రెండు పనులు చెప్పాడు. నర్సింగ్ హోం బోరు నీళ్ళు ఒక సీసాలో పట్టి పెట్టాలి. తను వచ్చేదాకా మెడికల్ షాపులో నుంచి ఒక్క డబ్బా బయటికి పోకూడదు.

*

నర్సింగ్ హోం వెనక రేకుల కొట్టం ఒకటి ఉంది. తాళం పగలగొట్టారు.

లోపల పెద్ద ప్లాస్టిక్ తొట్టి. తొట్టిలో వాడి పారేసిన సెలైన్ బాటిళ్ళు నానుతున్నాయి. నీళ్ళ మీద పాకుడు. పాకుడులో వెంట్రుకలు, దూది, నెత్తురు చారలు ఎండిన ప్లాస్టర్లు. పక్కన గళ్ళుప్పు బస్తా, పాలు వడకట్టే గుడ్డ, పెద్ద సిరంజి, మూతలు అతికించే జిగురు. పాత లేబుళ్ళు చెదరకుండా పైపైన తుడిచిన బాటిళ్ళు తాడు మీద వరసగా బోర్లించి ఆరబెట్టారు. వడకట్టే గుడ్డ మీద బొద్దింక కాలు ఒకటి అతుక్కుని ఉంది.

కుళ్ళిన శవాల పక్కన నిలబడి టీ తాగిన మనిషి గంగాధర్. బయటికి వచ్చి గోడ పట్టుకుని కక్కేశాడు. నోరు కడుక్కోవడానికి కుళాయి దాకా వెళ్ళి, అది ఏ కుళాయో గుర్తొచ్చి, అలాగే వెనక్కి తిరిగాడు.

*

మధ్యాహ్నం అందరినీ పై వార్డుకు పిలిపించాడు. డాక్టరు, దుర్గాప్రసాద్, గంగన్న, ఓబుళప్ప. ఎస్తేరమ్మను స్టేషన్ నుంచి తెచ్చారు. బల్ల మీద మూడు గాజు గ్లాసులు పెట్టించాడు.

"గంగన్నా, పేపర్లు తెచ్చినావా?"

"తెచ్చినా సార్. రెండు రకాలూ."

"మొదటి గ్లాసు. షాపులో అరలో ఉన్న డబ్బాలోది, నేనే సీలు తీసినా. నీలి పేపరు పెట్టు."

పేపరు లేత ఎరుపుకు తిరిగింది. గంగన్న తడబడ్డాడు. "దీంట్లో కూడా..."

"దీంట్లో కూడా యాసిడే. హిందూపురంలో ఉన్నవాటిలో కూడా. ప్రపంచంలో ఉన్న గ్లూకోజు సీసాలన్నిట్లోనూ ఉంటుంది. నువ్వు క్లాసులో చెప్పే ఆమ్లం. కొంచెం పులుపు, అంతే. ఆ మాట ఇక్కడ కూడా అని ఉంటే ఒక సంసారం వీధిన పడేది కాదు."

గంగన్న మొహం వాడిపోయింది.

"రెండో గ్లాసు. ఇది కౌంటర్ కింద ఉన్న డబ్బాలోది. బాటిల్ అదే, లేబుల్ అదే."

నీలి పేపరు నీలంగానే ఉండిపోయింది. ఎర్ర పేపరు పెట్టమన్నాడు. అది మెల్లగా నీలమైంది.

"మూడో గ్లాసు. ఈ బిల్డింగు బోరు నీళ్ళు."

అదీ నీలమే. ఈ ప్రాంతం బోరు నీళ్ళు ఉప్పన, సున్నం, క్షారం. గిన్నెలకు తెల్లగా పట్టుకునే నీళ్ళు.

"నిన్నటి నుంచీ అందరూ ఎర్రబడిన కాగితం పట్టుకుని ఊగుతున్నారు," అన్నాడు గంగాధర్. "మంచి బాటిల్‌కు కాగితం ఎర్రబడాల. ఎర్రబడని కాగితమే దొంగ. కౌంటర్ కింద డబ్బాలో ఉన్నది బోరు నీళ్ళు, గళ్ళుప్పు. వెనక కొట్టంలో తొట్టి చూసినా."

ఓబుళప్ప అర్థం కానట్టు చూశాడు. "మా వోనికి ఎక్కించింది..."

"ఆ నీళ్ళే అప్పా."

డాక్టర్ అనిల్ కుమార్ చటుక్కున లేచాడు. "దుర్గా, ఏం చేశావురా నువ్వు? ఇన్‌స్పెక్టర్ గారూ, షాపు వ్యవహారం మొత్తం వీడిదే. నా వెనకాల ఇంత పని జరుగుతోందని నాకు తెలియదు."

దుర్గాప్రసాద్ తెల్లబోయి బావ వైపు చూశాడు.

"తెలియదు," అన్నాడు గంగాధర్. "సరే డాక్టర్ గారూ, ఒకటి చెప్పండి. స్టాండుకు వేలాడిన బాటిల్లో మంచి గ్లూకోజు ఉంది. రామాంజి చేతికున్న గొట్టంలో బోరు నీళ్ళు ఉన్నాయి. పైన గ్లూకోజు ఉంటే కింద బోరు నీళ్ళు ఎట్లా వస్తాయి?"

గంగాధర్ ఖాళీ స్టాండు దగ్గరికి నడిచాడు.

"ఎస్తేరమ్మ పెట్టింది కౌంటర్ కింది బాటిల్. అది ఆమెకు తెలియదు. వణుకు మొదలైంది. మీరు వచ్చారు. ఆమెను మందుకు కిందికి పంపారు, ఓబుళప్పను ఫోన్‌కు పంపారు. ఆమె కౌంటర్ దగ్గర నిలబడి ఉంది, దుర్గాప్రసాద్ ఆమె ఎదురుగా మందు వెతుకుతున్నాడు. పైన మీరొక్కరే. గొట్టానికి క్లిప్పు బిగించారు, చెడ్డ బాటిల్ పీకారు, మీ గదిలో ఉంచుకున్న మంచి బాటిల్ తగిలించారు. సగం సింకులో పారబోశారు, వాడినట్టు కనబడాలి గదా. ల్యాబ్‌కు పోతే శుభ్రంగా తేలాలని మీ ప్లాను. శుభ్రమైన బాటిల్‌కు కాగితం ఎర్రబడుతుందని, సైన్స్ టీచరు యాసిడ్ అంటాడని మీరు అనుకోలేదు. అన్నాక మాత్రం కాదనలేదు. డాక్టరు మీరు. ప్రతి సెలైనూ కొంచెం ఆమ్లమేనని ఒక్క ముక్క చెప్పి ఉంటే జనం ఇళ్ళకు పోయేవాళ్ళు. కుర్చీలో కూర్చుని చూశారు."

"ఇదంతా ఊహ."

"తెలియనివాడు బాటిల్ మార్చడు డాక్టర్ గారూ. ఏం పెట్టారో తెలిసినవాడే మారుస్తాడు. ఒక్కటి మరిచారు. క్లిప్పుకు కింద గొట్టంలో ఉన్నది అక్కడే ఉండిపోయింది. దాన్ని పీకాలనే ఆయాను పంపించారు. అన్న ముట్టనివ్వలేదు."

"బావా," దుర్గాప్రసాద్ అతని ఎదురుగా వచ్చాడు. "పల్లెవాళ్ళకు వేరే డబ్బా పెట్టమన్నది ఎవురు? టౌనువాళ్ళకు, చదువుకున్నవాళ్ళకు అరలోది ఇవ్వు, బస్సు దిగి వచ్చేవాళ్ళకు కిందిది ఇవ్వు అన్నది నేనా? ఇప్పుడు నా నెత్తిన రుద్దుతాండావా?"

డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. గొంతులో ఇంకా ఆ నిమ్మళమే.

"మీకు అర్థం కావడం లేదు ఇన్‌స్పెక్టర్ గారూ. వీళ్ళలో సగం మందికి బాటిల్ అవసరమే ఉండదు. నీరసమంటారు, గ్లూకోజు ఎక్కించమంటారు. వద్దంటే పక్క డాక్టరు దగ్గరికి పోతారు. వాళ్ళకు కావాల్సింది బాటిల్ వేలాడటం. అందులో ఏముంటే వాళ్ళకేంటి? ఇన్నాళ్ళూ ఎవరికీ ఏమీ కాలేదు."



గంగాధర్ తన చేతుల్ని వెనక్కి పెట్టుకుని వేళ్ళు బిగించాడు. లేకపోతే కొట్టేవాడే. కొట్టడానికి కూడా ఆ మనిషిని ముట్టుకోవాలి. అది అతనికి ఇష్టం లేకపోయింది.

"తీసుకుపోండి ఇద్దర్నీ," అన్నాడు ఎస్సైతో. "వెనక గేటు నుంచి."

మెట్లు దిగుతూ డాక్టరు ఎస్సైని అడగటం పైకి వినిపించింది. గొంతు ఎండిపోతోందట. మినరల్ వాటర్ బాటిల్ ఒకటి తెప్పించమంటున్నాడు. సీలు సరిగ్గా ఉన్నది చూసి.

గంగాధర్ కిటికీలోంచి ఉమ్మేశాడు.

ఎస్తేరమ్మ ఇంకా గోడ పక్కనే నిలబడి ఉంది. "నువ్వు ఇంటికి పోవచ్చమ్మా," అన్నాడు. "నీ మీద కేసు లేదు. మా రెండో జీపు ధర్మవరంలో దించి వస్తుంది. పగలగొట్టిన షెడ్డుకు ఎవరు బాధ్యులో వాళ్ళ మీద నేనే రాస్తా."

ఆమె కదల్లేదు.

ఓబుళప్ప లేచి ఆమె దగ్గరికి వెళ్ళాడు. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "అక్కా, తప్పయిపోయింది. తెలీక..."

"దండం పెట్టద్దప్పా." ఎస్తేరమ్మ గోడకు ఇంకా దగ్గరగా జరిగింది. "మీ తమ్ముడు చలి అన్నప్పుడు, ఒంట్లో నీళ్ళు తగ్గి అట్ల అయితాండాదనుకున్నా. బిర్న ఎక్కితే తేరుకుంటాడని నేనే స్పీడు పెంచినా. అంతా పోయేట్ల తెరిచినా. ఆపేసుంటే బతికేవాడేమో. నా చేత్తోనే తెరిచినా."

ఈ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా. నిన్నటి నుంచీ అందరూ యాసిడ్ గురించే అడిగారు.

ఓబుళప్ప చేతులు మెల్లగా కిందికి దిగాయి. 

"నువ్వు పెంచింది నేను అడిగినందుకే గదక్కా," అన్నాడు. "బిర్న ఎక్కించండి, మా బస్సు పోతాదని వచ్చినప్పటి నుంచీ నేనే నీ వెంట పడితి."

గంగాధర్ ఇద్దర్నీ చూశాడు. కింద ఎస్సై జీపులో ఇద్దరు కూర్చుని ఉన్నారు, తాము ఏమీ చేయలేదంటూ. పైన ఇద్దరు నిలబడి ఉన్నారు, తామే చేశామంటూ. స్టేట్‌మెంట్లు రాసుకోవడానికి తెరిచిన ఫైలును అతను మూసేశాడు.

ఓబుళప్ప భుజం మీది తువ్వాలుతో ముఖం తుడుచుకుని, "రా అక్కా, జీపు కాడికి పోదాం," అన్నాడు. ఎస్తేరమ్మ గోడను వదిలి అతని వెనకాలే మెట్లు దిగింది.